ఒకే కెమెరా బ్యాగు అన్ని పనులకూ ఎందుకు సరిపోదు

క్లుప్తంగా

కెమెరా బ్యాగు మీద మూడు పనులు పడతాయి: సామానుకు దెబ్బ తగలకుండా కాపాడటం, దూరం మోసుకెళ్లడం, పని మధ్యలో అడిగింది వెంటనే చేతికి అందించడం. ఒక పనికి బాగా కుదిరే నిర్మాణం ఇంకోదానికి అడ్డం వస్తుంది. అందుకే ఏ బ్యాగు కొనాలనే దాని కంటే, తన రోజులో ఈ మూడింటిలో ఏది ఎక్కువో తేల్చుకోవడమే ముందు జరగాల్సిన పని. తర్వాత చూడాల్సిన కొలతలు రెండు: లోపలి లోతు, ఖాళీ బ్యాగు బరువు. చీటీ మీద రాసే లీటర్లు ఈ రెండింటి గురించీ ఏమీ చెప్పవు. సామాను దాచిపెట్టడం మాత్రం బ్యాగు పనే కాదు. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ఊళ్లలో బ్యాగును బీరువాలా వాడితే లెన్సులకు ఫంగస్ పడుతుంది.

అయోమయం ఎక్కడ మొదలైంది

ఒకప్పుడు కెమెరా కొంటే బ్యాగు దానితోపాటే వచ్చేది. దుకాణంలో ఇచ్చే నల్లటి భుజం సంచీలో ఒక బాడీ (లెన్సు లేని కెమెరా), దానితో వచ్చే కిట్ లెన్సు, ఛార్జరు సర్దుకుంటే సరిపోయేది. ఇప్పుడు పెళ్లి ఫొటోలు తీసే వాళ్ల దగ్గర కనీసం రెండు బాడీలు, మూడు నాలుగు లెన్సులు, రెండు ఫ్లాషులు ఉంటున్నాయి. వీటికి తోడు కెమెరా కుదుపును ఆపే గింబల్, మైకు, ఒక్కోసారి డ్రోను. సామాను పెరిగింది, దాని ఆకారమూ మారింది.

లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్ కెమెరాల నుంచి ఆ అద్దం లేని మిర్రర్‌లెస్‌కు మారిన వాళ్లలో చాలామంది ఇక బ్యాగు చిన్నదైపోతుందని అనుకున్నారు. సగమే నిజమైంది. డీఎస్ఎల్ఆర్ అయిన కెనాన్ 5డీ మార్క్ 4 బాడీ బ్యాటరీ, కార్డుతో కలిపి 890 గ్రాములు. మిర్రర్‌లెస్ అయిన సోనీ ఏ7 మార్క్ 4 అదే లెక్కన 658 గ్రాములు. రెండింటికీ వాటి వాటి 24–70, 70–200 ఎఫ్/2.8 లెన్సులు (ఈ అంకెలు ఎంత దూరాన్ని దగ్గరికి తెస్తుందో చెప్పే ఫోకల్ లెంగ్త్, లెన్సు పొడవు కాదు; ఎఫ్ నంబరు ఎంత వెలుతురు రానిస్తుందో చెప్పేది) కలిపి తూస్తే సోనీ సెట్టు దాదాపు ముప్పావు కిలో తేలిక. పొడవు మాత్రం తగ్గలేదు. కెనాన్ పాత 70–200 పొడవు 199 మిల్లీమీటర్లు, సోనీ కొత్తది 200 మిల్లీమీటర్లు. బరువు తగ్గింది కదా అని చిన్న బ్యాగు కొన్నవాళ్లకు ఆ లెన్సు నిలువుగానూ పట్టదు, అడ్డంగానూ పట్టదు. కెనాన్ మిర్రర్‌లెస్‌కు మొదట వచ్చిన ఆర్ఎఫ్ 70–200 ఎఫ్/2.8 ముడుచుకునే రకం కాబట్టి 146 మిల్లీమీటర్లకు కుదించుకుంటుంది. చాలా బ్యాగుల్లో అది నిలువుగా పట్టేస్తుంది. ఒకే ఫోకల్ లెంగ్త్, ఒకే ఎఫ్ నంబరు ఉన్న రెండు లెన్సులకు రెండు వేర్వేరు బ్యాగులు కావాల్సి వస్తోందన్నమాట. ‘ఒక బాడీ, మూడు లెన్సులు పడతాయి’ అని చీటీ మీద రాసే మాట నమ్మదగినది కాకపోవడానికి కారణం ఇదే.

మూడు వంశాలు, మూడు పనులు

నేడు మార్కెట్లో కనిపించే బ్యాగుల మూలాలు వెతికితే మూడు వేర్వేరు చోట్లు తేలతాయి. ఇంగ్లండ్‌లో బిల్లింగ్‌హామ్ సంస్థ 1973లో మొదలైంది చేపలు పట్టేవాళ్ల సంచులతో. తర్వాతే అది ఫొటోగ్రాఫర్ల వైపు తిరిగింది. అమెరికాలో ఫిలడెల్ఫియా ఇంక్వైరర్ పత్రిక ఫొటోగ్రాఫర్ జిమ్ డోమ్కీ 1976లో తన పని కోసం కాన్వాసు గుడ్డతో ఒక భుజం సంచీ తయారుచేయించుకున్నాడు. మందపాటి స్పాంజి లేదు, గట్టి గోడలు లేవు. ఒంటికి అతుక్కుని ఉంటుంది, పైమూత ఎత్తగానే చెయ్యి నేరుగా లెన్సు మీద పడుతుంది. ఇది పనిచేస్తూ వాడే సంచీల వంశం.

రెండోది కొండలెక్కే వాళ్లది. కెమెరా బ్యాగుల సంస్థ లోవెప్రోను మొదలుపెట్టిన గ్రెగ్ లోవ్ పర్వతారోహకుడు. వీపు మీద బరువును నడుముకు దించే ఆలోచన అక్కడిది. మూడోది గట్టి ప్లాస్టిక్ పెట్టెలది. కాలిఫోర్నియాలో 1976లో పుట్టిన పెలికన్ ఈ దారిలో నడిచింది. నీళ్లు, దుమ్ము, లారీలో పడే కుదుపులు తట్టుకోవడం వీటి పని.

భుజం సంచీ చేతికి అందిస్తుంది, వీపు బ్యాగు దూరం మోస్తుంది, పెట్టె కాపాడుతుంది. ఆ తర్వాత యాభై ఏళ్లలో వచ్చిన నమూనాలన్నీ ఈ మూడింటి కలగలుపులే. పక్క జిప్పు ఉన్న వీపు బ్యాగు, ఛాతీ మీదికి తిప్పుకునే స్లింగ్, చక్రాల పెట్టె, ఏది తీసుకున్నా ఒక గుణం సంపాదించడానికి ఇంకో గుణం కొంత వదులుకున్నదే.

లీటర్లు కాదు, లోపలి లోతు

బ్యాగు కొలతల్లో ఎక్కువమంది పట్టించుకోనిది లోతు. అంటే వీపు వైపు గోడ నుంచి ముందు గోడ వరకు, లోపల, స్పాంజి పోగా మిగిలే చోటు. బయట 20 సెంటీమీటర్లని రాసి ఉంటే అందులో ల్యాప్‌టాప్ అర రెండు మూడు సెంటీమీటర్లు, రెండు వైపులా స్పాంజి మరో రెండు మూడు సెంటీమీటర్లు పట్టుకుపోతాయి. మిగిలేది 14 నుంచి 16.

ఆ 14లో ఏం పడుతుందో బాడీని ఎలా పెడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఏ7 మార్క్ 4 వెడల్పు 131 మిల్లీమీటర్లు, ఎత్తు 96 మిల్లీమీటర్లు. లెన్సు తగిలించిన బాడీని పక్కకు తిప్పి పెడితే వెడల్పు మొత్తం లోతులోకి వస్తుంది, 13.1 సెంటీమీటర్లు పోగా ఇంకో సెంటీమీటరే మిగులుతుంది. బెల్టు కొక్కేలు, స్ట్రాప్ మడత అక్కడ ఇరుక్కుంటాయి. అదే బాడీని మామూలుగా నిటారుగా పెడితే 9.6 సెంటీమీటర్లే లోతు తీసుకుంటుంది, కానీ బ్యాగు వెడల్పులో చోటు తింటుంది. అడుగున అదనపు బ్యాటరీ గ్రిప్ తగిలించిన బాడీకి, నికాన్ జెడ్9 లాంటి వాటికి ఈ వెసులుబాటు లేదు. జెడ్9 వెడల్పూ ఎత్తూ రెండూ దాదాపు 15 సెంటీమీటర్లే. ఎటు తిప్పినా లోపలి లోతు 15 దాటాల్సిందే. లోతు చాలని బ్యాగులోనూ జిప్పు బలవంతంగా పడుతుంది. ఆ ఒత్తిడంతా హాట్‌షూ (పైన ఫ్లాష్ తగిలించే చోటు) మీద, వెనక తెర మీద పడుతుంది.

బ్యాగు కొనే ముందు ఇంట్లో చేయగలిగిన మంచి పరీక్ష ఒకటుంది. నేల మీద దినపత్రిక పరిచి, రోజూ తీసుకెళ్లే సామానంతా దాని మీద సర్దాలి. లెన్సు ముందు తొడిగే హుడ్‌ను తిరగేసి తొడిగి, ముందు వెనక మూతలు పెట్టి, ప్రతి రెండు వస్తువుల మధ్య వేలు పట్టేంత సందు వదలాలి. అది డివైడర్ (లోపలి అడ్డు పలక) చోటు. చుట్టూ గీత గీసి పొడవు, వెడల్పు కొలిస్తే లోపల కావాల్సిన కొలత వస్తుంది. వాటిలో అన్నింటికంటే ఎత్తుగా నిలిచేది లోతు చెబుతుంది. ఈ మూడు అంకెలు చీటీ మీద రాసుకుని దుకాణానికి వెళితే ‘32 లీటర్లు, అన్నీ పడతాయి’ అనే మాట దగ్గర ఆగిపోనక్కర్లేదు. లీటర్ల లెక్కలో పైన టిఫిన్ డబ్బా పెట్టుకునే అర, ముందు జేబు, సీసా జేబు కూడా కలిసిపోతాయి. లెన్సు వాటిలో పట్టదు.

పక్షుల ఫొటోల కోసం నేలపట్టు, పులికాట్ వెళ్లేవాళ్ల లెక్క వేరు. సోనీ 200–600 లెన్సే 318 మిల్లీమీటర్లు. బాడీ తగిలించి, హుడ్ తిరగేసి పెట్టాలంటే లోపల నిలువున 42 నుంచి 45 సెంటీమీటర్లు కావాలి. విడదీసి పెట్టే బ్యాగు చిన్నదే వస్తుంది. కానీ పక్షి ఎగిరేలోపు దాన్ని బిగించడం అయ్యే పని కాదు.

ఇక్కడే మరో మాట. 70–200 లాంటి బరువైన లెన్సు బాడీకి తగిలించి పెట్టినప్పుడు ఆధారం లెన్సు కింద ఉండాలి, బాడీ కింద కాదు. బాడీ మాత్రమే డివైడర్ మీద ఆని లెన్సు గాల్లో వేలాడుతుంటే ప్రతి కుదుపూ మౌంట్ (బాడీకి లెన్సు తగిలే వలయం) మరల మీదకే వెళుతుంది. ఒక చిన్న డివైడర్ ముక్క మడిచి లెన్సు కింద పెడితే ఆ బెడద పోతుంది.

ఖాళీ బ్యాగు బరువు: 7 కిలోల లెక్క

మన దేశీయ విమానాల్లో ఎకానమీ ప్రయాణికుడి చేతి సామాను పరిమితి సాధారణంగా 7 కిలోలు. ఇండిగోలో పెట్టె కొలత 55, 35, 25 సెంటీమీటర్లు దాటకూడదు. కెమెరాలను చెక్ఇన్‌లో వేయడానికి ఎవరికీ మనసొప్పదు కాబట్టి మొత్తం ఈ 7 కిలోల్లోనే ఇమడాలి. ఒక మామూలు పెళ్లి సెట్టును తూకం వేస్తే లెక్క ఇలా వస్తుంది.

ఏ7 మార్క్ 4 బాడీలు రెండు 1,316 గ్రాములు. 24–70 జీ మాస్టర్ 2 లెన్సు 695, 70–200 జీ మాస్టర్ 2 లెన్సు 1,045, 85 ఎఫ్/1.8 లెన్సు 371. ఇక్కడికి 3,427. బ్యాటరీలతో రెండు ఫ్లాషులు సుమారు 1,100, అదనపు బ్యాటరీలు నాలుగు 330, ఛార్జరు, ట్రిగ్గరు, కార్డులు, వైర్లు కలిపి ఇంకో 450. మొత్తం 5.3 కిలోలు. మిగిలింది 1.7 కిలోలు. గట్టి గోడలున్న 25–30 లీటర్ల వీపు బ్యాగుల్లో చాలావాటి ఖాళీ బరువే 2 కిలోల దగ్గర ఉంటుంది. అందులో ఈ సెట్టు సర్దితే 7.3. అదే సామాను 1.4 కిలోల బ్యాగులో 6.7 అవుతుంది. సామానులో ఒక్క వస్తువు తగ్గలేదు, మారింది బ్యాగు మాత్రమే.

చక్రాల పెట్టెలు సాధారణంగా 4 కిలోల చుట్టూ తూగుతాయి. పెలికన్ 1510 లాంటి గట్టి పెట్టె కొలతల్లో విమానం పైఅరకు సరిపోతుంది, కానీ ఖాళీగానే 5 కిలోలు దాటుతుంది. బరువు పట్టించుకోని చోట అది గొప్ప పెట్టె. అమెరికా దేశీయ విమానాల్లో చేతి సామానుకు ఎక్కువగా పరిమాణమే చూస్తారు కాబట్టి అక్కడి తెలుగు ఫొటోగ్రాఫర్లకు చక్రాల పెట్టె హాయిగా కుదురుతుంది. అదే పెట్టెతో ఇంటికి బయలుదేరి గల్ఫ్ మీదుగా వచ్చే విమానం ఎక్కితే తిప్పలు. ఎమిరేట్స్ ఎకానమీలోనూ పరిమితి 7 కిలోలే.

హైదరాబాద్ నుంచి రాజమహేంద్రవరం, తిరుపతి లాంటి ఊళ్లకు తిరిగే చిన్న ఏటీఆర్ విమానాల్లో ఇంకో చిక్కు ఉంది. పైఅరలు చిన్నవి, కొలతలు సరిగ్గా ఉన్న బ్యాగును కూడా విమానం మెట్ల దగ్గర తీసుకుని కింద వేస్తారు. అలాంటప్పుడు లోపలి స్పాంజి పెట్టె మొత్తంగా బయటికి వచ్చే బ్యాగు ఆదుకుంటుంది. పెట్టెను ముందు సీటు కింద పెట్టుకుని ఖాళీ సంచీ ఇచ్చేయొచ్చు. ఎలా చేసినా అదనపు లిథియం బ్యాటరీలను మాత్రం సంచీతో కిందికి పంపకూడదు. అవి ప్రయాణికుడితోనే ఉండాలి. అనుమతి అక్కర్లేని హద్దు ఒక్కో బ్యాటరీకి 100 వాట్ అవర్లు. వోల్టుల్ని ఆంపియర్ అవర్లతో గుణిస్తే ఆ అంకె వస్తుంది. సోనీ ఎన్‌పీ ఎఫ్‌జెడ్100 బ్యాటరీకి 7.2ను 2.28తో గుణిస్తే 16.4. కెమెరా బ్యాటరీలతో బెంగ లేదు. వీడియో లైట్లకు వాడే పెద్ద వీ–మౌంట్ బ్యాటరీల మీద రాసిన అంకె మాత్రం చూసుకోవాలి. 100 నుంచి 160 వరకు ఉన్నవాటికి విమాన సంస్థ అనుమతి ఉండాలి, అదీ రెండింటికి మించి కుదరదు.

వీపు, భుజం, నడుము

అదే 7 కిలోలు ఒక బ్యాగులో తేలికగా, మరోదానిలో భారంగా అనిపించడానికి కారణం బరువు వెన్నుకు ఎంత దూరంలో ఉందన్నది. బరువు కేంద్రం వీపుకు 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటే వెనక్కి లాగే శక్తి ఎంతో, 20 సెంటీమీటర్ల దూరంలో దానికి రెట్టింపు. దాన్ని సరిచేయడానికి మనిషి ముందుకు వంగి నడుస్తాడు; సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. అందుకని బరువైన లెన్సు వెన్నెముక వైపు, మధ్యలో ఉండాలి. ఫ్లాషులు, వైర్లు అంచుల్లో పెట్టుకోవచ్చు. లోతు అక్కర్లేనంత ఎక్కువ ఉన్న బ్యాగు ఈ లెక్కలోనూ దెబ్బతీస్తుంది.

నడుము బెల్టు అలంకారం కాదు. కటి ఎముక మీద ఆనే వెడల్పాటి, మెత్తని బెల్టు భుజాల మీది బరువులో పెద్ద భాగాన్ని కిందికి దించుతుంది. రెండు వేళ్ల వెడల్పు నైలాన్ పట్టీ మాత్రమే ఉంటే అది బ్యాగు ఊగకుండా ఆపుతుందే తప్ప బరువు మోయదు. భుజం సంచీలో ఈ సాయం అసలుండదు. ఆరు కిలోలు 2.5 సెంటీమీటర్ల పట్టీ మీద వేలాడితే భుజం మీద పడే ఒత్తిడి, 6 సెంటీమీటర్ల పట్టీ మీద పడేదానికి రెండింతల కంటే ఎక్కువ. మూడు కిలోలు దాటిన సామానును రోజంతా ఒకే భుజానికి వేయడం మంచిది కాదు. మధ్యమధ్యలో భుజం మార్చుకున్నా అది తాత్కాలిక ఉపశమనమే.

మండపంలో

జీలకర్ర–బెల్లం పెట్టే ముహూర్తానికి తెర తొలగేది, చేతులు తలల మీదికి వెళ్లేది క్షణాల్లో జరిగిపోతుంది. ఆ సమయంలో వీపు బ్యాగు దించి, జిప్పు చుట్టూ లాగి, లెన్సు తీసే తీరిక ఉండదు. రెండు బాడీలకు రెండు లెన్సులు బిగించి పట్టీల మీద వేసుకోవడం, నడుముకు ఒక చిన్న సంచీలో మూడో లెన్సు, కార్డులు, బ్యాటరీలు పెట్టుకోవడం పెళ్లిళ్లలో నిలిచిన పద్ధతి. పెద్ద బ్యాగు అసిస్టెంటు దగ్గరో, మండపం వెనక గదిలో తాళం వేసో ఉంటుంది. ఒక బ్యాగు మోయడానికి, ఒకటి పనికి అన్న విభజన ఇక్కడ దానంతట అదే జరిగిపోతోంది.

మండపం నేల గురించి విడిగా చెప్పుకోవాలి. కాళ్లు కడిగిన నీళ్లు, పసుపు, కుంకుమ, అక్షతలు, హోమం బూడిద అన్నీ అక్కడే ఉంటాయి. ముందు వైపు తెరుచుకునే బ్యాగును నేల మీద పెడితే వీపు పట్టీలు ఆ తడిలో పడతాయి, తర్వాత అవే చొక్కాకు అంటుతాయి. వీపు వైపు తెరుచుకునే బ్యాగును బోర్లా పెడతారు కాబట్టి నేలకు తగిలేది బయటి గుడ్డే; జనంలో నడుస్తుంటే వెనక నుంచి ఎవరూ జిప్పు తీయలేరు కూడా. తలంబ్రాల వేళ మాత్రం ఏ బ్యాగూ తెరిచి ఉండకూడదు. బియ్యపు గింజ ఒక్కటి జిప్పు రన్నర్‌లో ఇరుక్కుంటే పళ్లు పక్కకు తప్పుతాయి. వెల్‌క్రోలో చిక్కిన పసుపు పొడి వారం తర్వాత కూడా రాలుతూనే ఉంటుంది, అదీ లెన్సు మార్చేటప్పుడు సెన్సరు మీద.

బైకు మీద

మన ఊళ్లలో ఫొటోగ్రాఫర్ల సామాను ఎక్కువగా తిరిగేది బైకుల మీదే. విదేశీ సమీక్షల్లో దీని ఊసే ఉండదు. ఇంజిన్ అదురు కెమెరా భాగాలకు మంచిది కాదు. బైకు హ్యాండిల్‌కు తగిలించిన ఫోన్ల కెమెరాల్లో చిత్రాన్ని నిలకడగా ఉంచే భాగాలు దెబ్బతినవచ్చని యాపిల్ సంస్థ 2021లో హెచ్చరించింది. ఆ తరహా భాగాలే ఇప్పటి లెన్సుల్లో, బాడీల్లో ఉన్నాయి. వెనక క్యారియర్‌కు తాళ్లతో కట్టిన బ్యాగుకు అదురు నేరుగా అందుతుంది. మనిషి వీపు మీద ఉన్నదానికి ఒంటి మెత్తదనం గుండా వస్తుంది కాబట్టి చాలావరకు చచ్చిపోతుంది. వీపు మీద వేసుకోవడమే మేలు, కాకపోతే పట్టీలు బిగించాలి. బ్యాగు అడుగు సీటుకు ఆనితే భుజాలకు హాయిగా ఉంటుంది గానీ, గతుకుల్లో ప్రతి దెబ్బా అడుగు స్పాంజికే తగులుతుంది. సీటుకూ బ్యాగుకూ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి.

అడుగు స్పాంజి మందం ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్క చెబుతుంది. మీటరు ఎత్తు నుంచి పడిన వస్తువు ఒక సెంటీమీటరు స్పాంజిలో కుంగి ఆగితే, దాని మీద పడే సగటు అదురు దాని బరువుకు సుమారు వంద రెట్లు. స్పాంజి అర సెంటీమీటరే కుంగితే రెండు వందల రెట్లు. అందంగా పక్క గోడలు మందంగా చేసి అడుగున పలచని ముక్క వేసిన బ్యాగులు ఎన్నో ఉన్నాయి. దుకాణంలో చెయ్యి లోపలికి పెట్టి అడుగును బొటనవేలితో గట్టిగా నొక్కి చూడాలి. వేలికి బల్ల గట్టిదనం వెంటనే తెలిసిపోతే ఆ బ్యాగు పక్కన పెట్టేయవచ్చు. మూసిన గాలి బుడగలుండే ఈవీఏ, పాలిథిలీన్ స్పాంజి నీళ్లు పీల్చదు, ఏళ్ల తరబడి ఆకారం నిలుపుకుంటుంది. సోఫాల్లో వాడే రకం మెత్తగా ఉంటుంది, నీళ్లు పీలుస్తుంది, త్వరగా కుంగిపోతుంది.

వాన, గుడ్డ, పూత

గుడ్డ మీద రాసే డెనియర్ అంకె దారం మందానికి సంబంధించింది. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 1000 డెనియర్ గుడ్డ రాపిడికి బాగా ఆగుతుంది. నీళ్లు ఆపేది మాత్రం గుడ్డ కాదు, లోపలి వైపు పూసిన పాలీయూరిథేన్ పూత. మన వేడికి, తేమకు ఆ పూత కొన్నేళ్లలో విరిగిపోతుంది. అటక మీద వేసవంతా పడి ఉన్న బ్యాగు తీసి చూస్తే లోపల జిగురుగా, తెల్లటి పొలుసులుగా రాలడం దీనివల్లే. దానికి సులువైన మరమ్మతు లేదు.

పూత బాగున్నా నీళ్లు మొదట దిగేది జిప్పుల్లోంచి, తర్వాత కుట్టు రంధ్రాల్లోంచి. రెయిన్ కవర్ వీపు వైపు కప్పదు. బైకు మీద వెళ్తుంటే పట్టీల వెంట జారిన నీరు వీపు పలక గుండా లోపలికి చేరుతుంది, వెనక చక్రం చిమ్మే బురద అడుగుకు పడుతుంది. జూన్ నుంచి డిసెంబరు దాకా ఏదో ఒక రుతుపవనం ఉండే రాష్ట్రంలో నమ్మకమైన ఉపాయం మందపాటి పాలిథిన్ సంచీ. దాన్ని బ్యాగు లోపల, స్పాంజి పెట్టె చుట్టూ తొడిగి నోరు మెలిపెట్టాలి. తడిసిన బ్యాగును ఇంటికి రాగానే ఖాళీ చేసి, డివైడర్లన్నీ ఊడదీసి, ఫ్యాను కింద నీడలో ఆరబెట్టాలి. ఎండలో వేస్తే పూత ఆయుష్షు తగ్గుతుంది.

ఏసీ కారులోంచి బయటికి దిగినప్పుడు లెన్సు మీద పట్టే మంచు విషయంలో ఇదే బ్యాగు మేలు చేస్తుంది. బయట 30 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం ఉంటే 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ప్రతి వస్తువు మీదా నీరు పేరుకుంటుంది. కారులో 22 డిగ్రీలకు చల్లబడ్డ లెన్సుకు అదే జరుగుతుంది. జిప్పు మూసి అరగంట నుంచి ముప్పావు గంట వదిలితే స్పాంజి గుండా మెల్లగా వేడెక్కుతుంది, మంచు పట్టదు.

దాచడానికి బ్యాగు ఎందుకు పనికిరాదు

గాలిలో తేమ 65 శాతం దాటి చాలా రోజులు అలాగే ఉంటే లెన్సు అద్దాల మీద ఫంగస్ మొలవడానికి అనువైన వాతావరణం ఏర్పడుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి తీర పట్టణాల్లో ఇది మామూలు తేమే. బ్యాగు లోపల చీకటి, కదలని గాలి, చెమటా దుమ్మూ పట్టిన స్పాంజి ఫంగస్‌కు కలిసొస్తాయి. సిలికా జెల్ పొట్లం వేశామన్న ధైర్యం నిలిచేది కాదు. జిప్పు గాలిని ఆపదు కాబట్టి పొట్లం గదిలోని తేమను కూడా పీల్చుకుని కొద్ది రోజుల్లో నిండిపోతుంది. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగాక కూడా అది అందులోనే ఉండిపోతుంది.

డ్రై క్యాబినెట్ (తేమను అదుపులో ఉంచే చిన్న బీరువా) ఉంటే తేమను 40 నుంచి 50 శాతం మధ్య పెట్టుకోవాలి. లేకపోతే రబ్బరు అంచు ఉన్న గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, ఒక చిన్న తేమ మీటరు, సిలికా జెల్ చాలు. ఆ డబ్బా వంటింట్లో పప్పులకు వాడేలాంటిదైనా ఫర్వాలేదు. పని అయిన రాత్రి సామాను డబ్బాలోకి, బ్యాగు నోరు తెరిచి కొక్కేనికి వెళ్లాలి. తోలు కేసుల్లో, తోలు సంచుల్లో లెన్సు వదిలేయడం ఇంకా ప్రమాదం.

ఎక్కడ తెగుతుంది, ముందే ఎలా తెలుస్తుంది

బ్యాగు గుడ్డ చిరిగి పాడవడం అరుదు. మొదట పోయేది జిప్పు, అందులోనూ పళ్లు కాదు, రన్నర్. లోహం అరిగి దవడ వదులై, వెనక పళ్లు కలవకుండా విచ్చుకుంటాయి. జిప్పు మొత్తం మార్చాలని బ్యాగు పారేసేవాళ్లున్నారు, కానీ జిప్పులు బాగుచేసే చోట రన్నర్ ఒక్కటే మారిస్తే సరిపోతుంది. నాలుగైదు నెలలకోసారి కొవ్వొత్తి ముక్క పళ్ల మీద రుద్దితే అరుగుదల తగ్గుతుంది. జిప్పు నంబరు సుమారుగా పళ్ల వెడల్పును మిల్లీమీటర్లలో చెబుతుంది. ముఖ్యమైన జిప్పుకు 8 లేదా 10 ఉంటే మంచిది, 5 అయితే జేబులకు చాలు.

రెండోది భుజం పట్టీ మొదలు. పట్టీని పైకి మడిచి కుట్టు చూడాలి. చతురస్రంలో అడ్డగీతలతో కుట్టినా, ఒత్తుగా జిగ్‌జాగ్ కుట్టు వేసినా బరువు నిలుస్తుంది. ఒకే ఒక్క వరస కుట్టు ఉంటే అది ఏదో ఒకరోజు బస్సు ఎక్కుతున్నప్పుడు తెగుతుంది. పైన ఎత్తడానికి ఉండే చేతి పిడికీ ఇదే పరీక్ష. నిజానికి రోజులో ఎక్కువసార్లు లాగేది దాన్నే.

ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు వాపసు గడువు లోపలే ఇంకో పరీక్ష చేసుకోవచ్చు. కెమెరాలు పెట్టకుండా 5 కిలోల బియ్యం ప్యాకెట్ లోపల పెట్టి, కదలకుండా చుట్టూ తువ్వాలు దూర్చి, బ్యాగు వేసుకుని అరగంట నడవాలి, రెండంతస్తుల మెట్లెక్కి దిగాలి. పట్టీ మెడ పక్కన కోస్తోందా, వీపు పలక తడిసిపోతోందా, బెల్టు పొట్ట మీదికి జారుతోందా అన్నవి అప్పుడు తెలిసిపోతాయి. ట్యాగు తెంచకుండా, గుడ్డకు మరక అంటకుండా చేస్తే నచ్చనిది వెనక్కి పంపేయవచ్చు.